ఫిర్యాదులు అనే గది

మా ఆఫీసుకి మూణ్నెల్లపాటు ఒక్క ఫిర్యాదూ రాలేదు. మేనేజ్‌మెంటు ఉబ్బితబ్బిబ్బయింది. కస్టమర్ సర్వీసు టీముకి అభినందన సభ కూడా పెట్టారు. ఆ సభ సంగతి తర్వాత చెబుతాను.

ఇంతలో ఒక కస్టమర్ ఎవరి నంబరో సంపాదించి ఫోన్ చేశాడు. "నాలుగు మెయిళ్లు పెట్టానండీ, అందాయన్న ముక్కయినా రాయరా?" అని నిలదీశాడు. కూపీ లాగితే తేలిందేమిటంటే, ఫిర్యాదుల కోసం పెట్టిన మెయిల్‌బాక్స్‌ని మా ఐటీ కుర్రాడు షేర్డ్ రకంలో కాక రిసోర్స్ రకంలో తయారుచేశాడు. అందులోనూ రూమ్. అంటే సర్వర్ దృష్టిలో మా ఫిర్యాదుల విభాగం నాలుగు గోడలూ కొన్ని కుర్చీలూను.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. ఎక్స్ఛేంజ్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్‌లో షేర్డ్ అంటే పదిమంది కలిసి చదివి, ఒకే పేరుతో జవాబులిచ్చే పెట్టె. రిసోర్స్ అంటే మీటింగ్ గదికో, ప్రొజెక్టరుకో, కంపెనీ కారుకో ఇచ్చే పెట్టె. ఇవి 2007 ఎక్స్ఛేంజ్ నుంచీ విడివిడి రకాలుగా ఉన్నాయి. రెండింటి వెనకా ఉండే లాగిన్ ఖాతాని మామూలుగా డిసేబుల్ చేసే ఉంచుతారు. పోలిక అక్కడితో సరి.

గదికి మనం రాసేది ఒకటే ప్రశ్న: ఫలానా టైముకి ఖాళీయేనా? ఖాళీ ఉంటే సరేనంటుంది, లేకపోతే కుదరదంటుంది. ఎవరి సిఫారసూ వినదు. ఎవరూ సెట్టింగులు ముట్టుకోకపోతే 180 రోజుల తర్వాతి మీటింగులకి మాటివ్వదు, ఒక్క మీటింగుకి 24 గంటలు మించనివ్వదు. (24 గంటల దాకా అభ్యంతరం లేదన్నమాట. మా డైరెక్టరు చెవిన వేయకండి.) మీటింగుకి సంబంధం లేని మెయిల్ ఏదొచ్చినా చదవకుండానే తుడిచేస్తుంది. ఇది ఎవరో నేర్పిన బుద్ధి కాదు, పుట్టుకతో వచ్చిందే. పంపినవాడికి మెయిల్ తిరిగి రాదు కాబట్టి చేరిందనుకొని నిశ్చింతగా ఎదురుచూస్తాడు. ఆఖరికి మీటింగ్ ఆహ్వానంలో కూడా సబ్జెక్టు తీసేసి పిలిచినవాడి పేరు రాసుకుంటుంది, లోపల రాసిందంతా చెరిపేస్తుంది. ఎందుకొచ్చావో నాకనవసరం, నువ్వెవరో చెప్పు చాలు. ఇంత నిబద్ధత గల అధికారిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు.

అందుకే, పొరపాటుని దిద్దకండి, ప్రమోషన్ ఇవ్వండి అని నేను లిఖితపూర్వకంగా వేడుకున్నాను. వినలేదు. ఒక్క సెట్-మెయిల్‌బాక్స్ కమాండ్‌తో గదిని షేర్డ్‌గా మార్చేశారు. ఆరుగురికి ఫుల్ యాక్సెస్ (పెట్టె తెరిచి చదివే హక్కు), సెండ్ యాజ్ (పెట్టె పేరుతోనే జవాబిచ్చే హక్కు) ఇచ్చారు. కాసేపటికి అందరి ఔట్‌లుక్‌లోనూ ఎడమ పక్కన "ఫిర్యాదులు" దానంతటదే వెలిసింది. మా శని కూడా అప్పుడే మొదలైంది.

షేర్డ్ పెట్టెలో ఒకరు తెరిచిన మెయిల్ అందరికీ చదివినట్టే కనిపిస్తుంది. లావుపాటి అక్షరాలు సన్నబడతాయి. సన్నబడ్డ మెయిల్‌ని ఎవరో చూసుకుంటున్నారని మిగతా ఐదుగురి ప్రగాఢ విశ్వాసం. తెరిచినవాడేమో "ఇది నాది కాదులే" అని మూసేసి టీకి వెళ్లాడు. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఇక్కడ పాముని చూసినట్టు గుర్తు కూడా పడింది.

పోనీ జవాబిస్తే? సెండ్ యాజ్‌తో పంపిన జవాబు కాపీ, ప్రత్యేకంగా సెట్టింగ్ మార్చకపోతే, పంపినవాడి సొంత సెంట్ ఐటమ్స్‌లో పడుతుంది. ఉమ్మడి పెట్టెలో దాని జాడ ఉండదు. మొన్న ఒక కస్టమర్‌కి పది నిమిషాల తేడాలో రెండు జవాబులు వెళ్లాయి. మొదటిది: "మీ డబ్బు వాపసు చేస్తున్నాం." రెండోది: "వాపసు కుదరదని తెలియజేయుటకు చింతిస్తున్నాం." రెండింటి కిందా సంతకం ఒకటే, ఫిర్యాదుల విభాగం. ఆయన తెలివైనవాడు, మొదటిదానికి మాత్రం కృతజ్ఞతలు రాశాడు. ఆ కృతజ్ఞతలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, సన్నటి అక్షరాల్లో.

ఫైనాన్స్ వాళ్లకి మాత్రం షేర్డ్ అంటే ప్రాణం. క్లౌడ్‌లో 50 జీబీ దాకా దానికి లైసెన్సు అక్కర్లేదు. మానేసినవాళ్ల మెయిల్‌బాక్సులన్నీ షేర్డ్‌గా మార్చేయమన్నారు. ఉన్నవాళ్లవి ఎప్పుడు మారుస్తారోనని నాకు బెంగ.

ఐటీ కుర్రాడు ఇప్పుడు జాగ్రత్తపరుడయ్యాడు. ఎంత జాగ్రత్తంటే, కొత్త ప్రొజెక్టరుకి షేర్డ్ మెయిల్‌బాక్స్ ఇచ్చాడు. అది దేనికీ సరేననదు, కుదరదనదు. రెండు టీములు ఒకే గంటకి దానికి మెయిల్ పెట్టి, ఒకే గంటకి వచ్చి, చెరో వైరూ పట్టుకున్నాయి.

ఇక ఆ అభినందన సభ. మేనేజరు గారు క్యాలెండర్ తెరిచి, గదుల జాబితాలో సాయంత్రం నాలుగింటికి ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకున్నారు. రోజంతా ఖాళీగా ఉన్నది ఒక్కటే, "ఫిర్యాదులు". క్షణంలో సరేనని జవాబొచ్చింది. నాలుగింటికి పన్నెండు మందిమి కేకు పట్టుకొని మూడు అంతస్తులూ తిరిగాం. చివరికి కింద సెక్యూరిటీ అతన్ని అడిగితే అతను కాసేపు ఆలోచించి అన్నాడు: "ఫిర్యాదులా? మన దగ్గర అలాంటిదేం లేదండీ."