సవరణ: సూపర్‌వైజర్ కింద యుడెవ్‌డీని నడిపే తీరు
రన్‌ఇట్ (లినక్స్‌లో సర్వీసులను ప్రారంభించి కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్) కింద డివైస్ డీమన్‌లను, అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూ పరికరాలను చూసుకునే ప్రోగ్రాములను, నడపడం గురించిన వెనకటి టపాలో, అలాంటి డీమన్ అయిన యుడెవ్‌డీని డీమన్ ఆప్షన్‌తో ప్రారంభించి, ట్రిగ్గర్ (ఉన్న పరికరాల ఈవెంట్లను మళ్లీ పంపించేది), సెటిల్ (ఆ ఈవెంట్ల పని పూర్తయ్యేదాకా ఆగేది) కమాండ్లను అదే రన్ స్క్రిప్ట్‌లో, అంటే సర్వీసును ప్రారంభించే స్క్రిప్ట్‌లో, రాయవచ్చని ఉంది. ఆ భాగాన్ని కిందివిధంగా మార్చి చదువుకోవాలి.

డీమన్ ఆప్షన్ ఇస్తే అసలు ప్రాసెస్ తన పిల్ల ప్రాసెస్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి తాను ముగిసిపోతుంది. రన్‌ఇట్‌లో ఒక్కో సర్వీసును చూసుకునే రన్‌ఎస్‌వీ కనిపెట్టుకుని ఉండేది తాను స్వయంగా పుట్టించిన ప్రాసెస్‌ను మాత్రమే కాబట్టి, సర్వీసు ఆగిపోయిందని భావించి స్క్రిప్ట్‌ను మళ్లీ మళ్లీ నడుపుతుంది. అందువల్ల ఆ ఆప్షన్ తీసేసి, స్క్రిప్ట్ చివరి లైనులో ఎగ్జెక్‌తో (షెల్ స్థానంలోనే ఆ ప్రోగ్రామ్‌ను నడిపే కమాండ్) యుడెవ్‌డీని పిలవాలి. ఎగ్జెక్ లేకపోతే, సర్వీసును ఆపినప్పుడు ముగియమని చెప్పే టర్మ్ సిగ్నల్ షెల్‌కే చేరి, డీమన్ అనాథగా నడుస్తూనే ఉంటుంది (పైకి అంతా సవ్యంగా ఆగినట్టే కనిపించడం దీనిలోని చిక్కు).

ఎగ్జెక్ తర్వాతి లైన్లు నడవవు గనుక, ట్రిగ్గర్, సెటిల్ కమాండ్లను బూట్‌లో ఒక్కసారి మాత్రమే నడిచే మరో స్క్రిప్ట్‌లోకి మార్చాలి. అయితే ప్రాసెస్ పుట్టడం వేరు, అది సిద్ధం కావడం వేరు; యుడెవ్‌డీ సిద్ధమయ్యాకే ఆ కమాండ్లు నడవాలి. సర్వీసు డైరెక్టరీలో చెక్ స్క్రిప్ట్ (సర్వీసు సిద్ధమైందో లేదో పరీక్షించేది) ఉంటే, సర్వీసును ప్రారంభించే ఎస్‌వీ స్టార్ట్ కమాండ్ అది సఫలమయ్యేదాకా, డిఫాల్ట్‌గా 7 సెకన్ల వరకు, వేచి చూస్తుంది. యుడెవ్‌డీ ఆదేశాలు అందుకునే కంట్రోల్ సాకెట్ ఏర్పడిందో లేదో అందులో పరీక్షించవచ్చు. ఎస్6 అనే మరో సూపర్‌వైజర్ వాడేవారికి, సర్వీసు తాను సిద్ధమయ్యానని రాసి తెలిపే నోటిఫికేషన్-ఎఫ్‌డీ సదుపాయం ఉన్నా, యుడెవ్‌డీ తనంతట తాను అందులోకి రాయదు కాబట్టి, చెక్ స్క్రిప్ట్ సఫలమైనప్పుడు ఆ సమాచారం పంపే ఎస్6-నోటిఫైఆన్‌చెక్‌ను జతచేయాలి.