కొత్తదనానికి ఊరు దాటక్కర్లేదు
డిసెంబరు సెలవుల్లో పిల్లలకు కొత్త అనుభవం కావాలంటే ఏదో ఒక టూర్ వెళ్లాల్సిందేనన్న మాట నేను ఒప్పుకోను. మేముండేది చెన్నైలో. ఈసారి రిసార్టు ఆలోచన మానుకుని పిల్లల్ని మైలాపూరు వైపు సంగీత సభలకు తీసుకెళ్లాం. డిసెంబరులో ఇక్కడ జరిగే కర్ణాటక సంగీత సీజన్‌లో పగటి కచేరీలు చాలావాటికి టికెట్టే ఉండదు, వెళ్లి కూర్చోవడమే. బడిలో తమిళం, ఇంగ్లిషు తప్ప వినని మా చిన్నది త్యాగరాజ కీర్తన మధ్యలో "అమ్మా, తెలుగే పాడుతున్నారు!" అని నా చెయ్యి పట్టి లాగింది. పెద్దవాడైతే మృదంగం ఆయన వేళ్ల మీంచి చూపు తిప్పలేదు. ఆ తర్వాత క్యాంటీన్‌లో అరిటాకులో వేడివేడి టిఫిన్, అదో పండగ. పిల్లలకు విసుగొస్తే కీర్తన అయ్యేదాకా ఆగి లేచి వచ్చేయొచ్చు, డబ్బు పోయిందన్న బాధ ఉండదు. చిన్నపిల్లలున్నవాళ్లు ముందు పగటి కచేరీలతోనే మొదలుపెట్టండి.