సవరణ: ఆటల రాయితీ వేరు, చట్టం ఇచ్చే సీటు వేరు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తల్లిదండ్రుల కోసం రాసిన పోస్టులో, ప్రైవేటు బడులు ఆటగాళ్లకిచ్చే ఫీజు మాఫీ విద్యాహక్కు చట్టం 25 శాతం కోటాలోకే వస్తుందన్నాం. అది తప్పు. మన్నించండి.

2009 నాటి ఆ చట్టం సెక్షన్ 12 ప్రకారం ప్రైవేటు బడులు ఇవ్వాల్సిన ఆ 25 శాతం సీట్లు ప్రవేశ తరగతిలో, ఇరుగుపొరుగు బలహీనవర్గాల పిల్లలకు. 40 మంది తరగతిలో కనీసం 10. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితం. సెక్షన్ 13 వడపోతను నిషేధించింది కనుక పరుగు పెట్టించి ఎంచుకోకూడదు. మోకాలు దెబ్బతిని ఆట మానినా సీటు పోదు. మైనారిటీ బడులకు మాత్రం ఇది వర్తించదు.

ఆటల రాయితీ బడి ఇష్టం. చిక్కంతా నోటిమాటతోనే. ‘ఫీజు లేదు’ అంటే చాలాచోట్ల ట్యూషన్ ఫీజే. హాస్టల్, బస్సు, బూట్లు మన నెత్తినే. ఏయే ఖర్చు, ఎన్నేళ్లు, గాయమైతే ఏమిటి అన్నవి చేరకముందే కాగితం మీద రాయించుకోండి. ఎవరికివ్వాలో కోచ్ తేల్చకూడదు, ఇది మా గట్టి అభిప్రాయం. ఆదాయ పత్రం ముందు చూడకపోతే కలిగినింటి గోల్‌కీపర్‌కి మాఫీ దక్కి, ఆట రాని పేదపిల్ల బడి మానేస్తుంది.