గుడ్ల మీద నడక: ఒక అత్యవసర మనవి

ఇంట్లో పెద్దాయనకి కోపం వచ్చింది. మిగతావాళ్ళంతా మునివేళ్ళ మీద తిరుగుతున్నారు. ఈ పరిస్థితిని ఇంగ్లీషువాళ్ళు 'గుడ్డు పెంకుల మీద నడవడం' అంటారు. నాకు దీనిమీద తీవ్రమైన అభ్యంతరం ఉంది. పెంకులు మిగిలాయంటే గుడ్డు ఎప్పుడో పగిలింది, ఆమ్లెట్ అయింది, తినేశారు కూడా. ఇంకా టెన్షన్ దేనికి? పోర్చుగీసువాళ్ళు 'పిజార్ ఎం ఓవుస్' అంటారు. అంటే నిక్షేపంలాంటి గుడ్ల మీదే అడుగు. పగిలితే డబ్బు దండగ, కాళ్ళకి సొన, వెనకాలే చీమలు. భయమంటే అదీ!

ఇంగ్లీషువాళ్ళ 'పల్చటి మంచు మీద నడక' సంగతీ అంతే. లండన్‌లో థేమ్స్ గడ్డకడితే దాని మీద సంత పెట్టుకున్నది ఆఖరిసారి 1814లో. నది కరిగిపోయింది గానీ సామెత కరగలేదు, ఇప్పటికీ చిక్కుల్లో పడ్డ ప్రతివాణ్ణీ ఆ మంచు మీదే నిలబెడతారు. పోర్చుగీసులో అయితే 'కోర్దా బాంబా', వదులు తాడు. బిగించి కడితే ఎవడైనా నడుస్తాడు, వదులుగా కట్టడంలోనే ఉంది పనితనం.

ఇక పేకముక్కలు. అవే యాభై రెండు ముక్కలతో ఇంగ్లీషువాడు ఇల్లు కడితే, పోర్చుగీసువాడు కోట కట్టాడు. మనం తగ్గుతామా? పేకమేడ! మేస్త్రీ అన్న మాట మనకి పోర్చుగీసు నుంచే వచ్చింది కాబట్టి, కూలితే ఎవర్ని అడగాలో తెలుసు.

కూలడం వాళ్ళకి కొత్తేం కాదు. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపానికి లిస్బన్‌లో కార్ము, త్రిందాద్ మఠాలు కుప్పకూలాయి. తర్వాత కట్టిన ఇళ్ళ గోడల్లో చెక్క చట్రాలు పెట్టారు. నమూనా చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి, తట్టుకుంటుందో లేదో చూశారట. అంత జాగ్రత్తపడ్డ జనం ఇవాళ్టికీ ఎవరైనా కంగారుపడితే 'కార్మూ త్రిందాదూ ఏం కూలవులే' అంటారు. మనవైపు 'కొంపలేం మునిగిపోవులే' అంటాం. వాళ్ళకి భూకంపం, మనకి గోదావరి. ఎవరి అనుభవం వాళ్ళది.

బ్రెజిల్ వాళ్ళది మరీ ధైర్యం. రియోలో ఒక పెద్ద భవనానికి జనం పెట్టిన పేరు 'బలాన్సా మాస్ నావు కాయ్'. ఊగుతుంది గానీ పడదు అని. దినదిన గండం, నూరేళ్ళ ఆయుష్షు అన్నమాట.

నాకు మాత్రం పోర్చుగల్ వాళ్ళు వాడే 'తీగలతో కట్టి నిలబెట్టింది' అన్న మాటే నచ్చింది. కారణం సొంతమే. నేను కూర్చుని ఇది రాస్తున్న ప్లాస్టిక్ కుర్చీకి వెనక కాలు విరిగి రెండేళ్ళయింది. బైండింగ్ వైరు మూడు చుట్లు, పైన సెల్లోటేపు. ఒక పక్కకి ఒరక్కుండా కూర్చోవడం నాకు అలవాటైపోయింది. మొన్న మా బాబాయ్ వచ్చి దాన్నే లాక్కోబోతుంటే వంటింట్లోంచి మా ఆవిడ పరుగున వచ్చింది.

"చిన్నమామయ్యగారూ, అది ఈయన కుర్చీ! మీరు సోఫాలో కూర్చోండి."

బాబాయ్‌కి కాస్త మనసు నొచ్చుకుంది. అసలు కారణం మాత్రం ఇద్దరం చెప్పలేదు.