ఉదయగిరి గుట్ట మీద తల్లి ఎలుగు

భుజం నొప్పి ఇంకా తగ్గలేదు కాబట్టి మొదటి సంగతులు గబగబా చెప్పేస్తాను. వాయిదాల మీద లెన్సు కొన్నాను. అడవి జంతువుల ఫోటోలు తీయడం నేర్పే ఆన్‌లైన్ క్లాసులో 4,999 రూపాయలు కట్టి చేరాను. ఉదయగిరిలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మా ఊరవతల గుట్టలో ఎలుగ్గొడ్డు తిరుగుతా ఉందంట" అన్నాడు. సాయంత్రం నెల్లూరులో బస్సెక్కాను. తెల్లారి అయిదున్నరకి గుట్ట సగంలో ఉన్నాను. ఉదయగిరి దుర్గం పట్టడానికి కృష్ణదేవరాయలకి ఏడాదిన్నర పట్టిందంటారు. పాపం, ఆయనకీ మోకాళ్ల నొప్పులేమో.

క్లాసు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎందుకంటే తప్పంతా దానిదే. మూడు వారాలు ఒకటే పాఠం: చలికాలమంతా గుహల్లో నిద్రపోయే నల్ల ఎలుగులు, వాటి పిల్లలు. అన్నీ అమెరికా ఎలుగులే. 2010 జనవరి 22న మిన్నెసోటాలో లిలీ అనే ఎలుగు, గుహలో పెట్టిన కెమెరా ముందే హోప్ అనే పిల్లని కన్నదని, ఇంటర్నెట్‌లో లోకమంతా చూసిందని చెబుతూ మా సారు కళ్లు తుడుచుకున్నారు. మన ఎలుగు సంగతి ఏంటి సార్ అని అడిగితే "ఏడో మాడ్యూల్‌లో వస్తుంది" అన్నారు. ఉన్నవి ఆరు మాడ్యూళ్లు. డబ్బులు వాపసు అడిగితే ఒక నవ్వు బొమ్మ పంపారు.

సరే, గుట్ట. వాగుకి ఇవతల ఒక బండ మీద ఇద్దరం బోర్లా పడుకున్నాం. అవతలి చరియలో పెద్ద బండరాయి కింద చిన్న గుహ లాంటిది ఉంది. అందులో నల్లగా, గుండ్రంగా, బొచ్చు బొచ్చుగా ఒక ఆకారం. లెన్సులోంచి చూస్తే దాని పొట్ట దగ్గర చిన్నవి రెండు కదులుతున్నాయి.

"పిల్లలు బావా!" అన్నాడు బావమరిది.

"గమ్మునుండు. జనవరిలోనే పెడతాయి. పుట్టినప్పుడు ఒక్కోటి ఆరు కోడిగుడ్ల బరువుంటుంది, అంతే."

"ఇవి మేకపిల్లంత ఉండాయే?"

"తల్లి పాలు మంచివి."

అక్కడితో ఆగుంటే బాగుండేది. నాకు చదువు ఎక్కువైంది. గుసగుసగా మొత్తం పాఠం చెప్పడం మొదలుపెట్టాను. వేసవిలో నిమిషానికి యాభై సార్లు పైగా కొట్టుకునే గుండె ఈ నిద్రలో పద్నాలుగుకి పడిపోతుందన్నాను. ఐదారు నెలలు తినదు, తాగదు, ఒంటికీ రెంటికీ పోదు అన్నాను.

"మరి అదంతా యాడికి పోద్ది?"

"లోపలే. మూత్రంలో పోవాల్సిన యూరియాని ఒళ్లే మళ్లీ మాంసకృత్తులుగా మార్చుకుంటుంది."

ఈ మాట అంటున్నప్పుడే నాకు ఒంటికి వచ్చింది. ఆ తల్లి ఆరు నెలలు ఆపుకుంటుంటే రెండు గంటలకే లేచి పొదల్లోకి పోవడం మర్యాద కాదనిపించి బిగబట్టాను. ఇక ముందు జరిగినదంతా ఆ బిగబట్టిన బుర్రతో చూసినదేనని దయచేసి గుర్తుంచుకోండి.

గుహలోంచి సన్నగా తెల్లటి ఆవిరి లేచింది.

నా ఒళ్లు పులకరించింది. మిన్నెసోటాలో గుహని మంచు కప్పేస్తే, ఎలుగు ఊపిరి వేడికి పైన చిన్న కన్నం పడుతుంది. దాని చుట్టూ మంచు పొడి పేరుకుంటుంది. అది చూసి లోపల ఎలుగు ఉందని కనిపెడతారు. ఆ కన్నం కోసం మనుషులు మంచులో పడి నడుస్తారట, నేను బస్సులో వచ్చి చూస్తున్నాను! ఉదయగిరిలో మంచేది, నా నోట్లోంచి రాని ఆవిరి దాని నోట్లోంచి ఎందుకొస్తుంది అని ఇప్పుడు మీరు అడుగుతారు. మా ఆవిడా అదే అడిగింది.

తర్వాత చీకట్లో ఎర్రగా ఒక చుక్క వెలిగింది.

"కన్ను తెరిచింది" అన్నాను.

"రెండోది?"

"మెల్లగా తెరుస్తుంది. నిద్రమత్తు."

కన్ను ఒకసారి బాగా ఎర్రబడింది, మళ్లీ తగ్గింది, వెంటనే ఆవిరి వచ్చింది. మళ్లీ ఎర్రబడింది, మళ్లీ ఆవిరి. ఈ క్రమాన్ని ఏడుసార్లు ఫోటో తీశాను. ఇంతలో సన్నగా "మ్మే" అని వినిపించింది. పాలు తాగేటప్పుడు ఎలుగు పిల్లలు మోటారులా గుర్రుమంటాయని క్లాసులో వినిపించారు. ఇది ఆ మోటారు కాదు. దేశాన్ని బట్టి గొంతు మారుతుందని సర్ది చెప్పుకున్నాను.

"బావా, చుట్ట వాసనొస్తా ఉంది."

"ఎలుగు ఒంటి వాసన అట్నే ఘాటుగా ఉంటుంది."

తల్లి ఎలుగు ఖళ్లున దగ్గింది. ఉమ్మేసింది. లేచి నిలబడి, బొచ్చంతా తీసి భుజాన వేసుకుంది. తెల్లటి మీసాలు.

"ఎవురు నాయనా ఆడ బోర్లా పండుకోనుండేది? ఒంట్లో బాగలేదా?"

రాత్రి మేక ఈనిందట. చలికి పిల్లలు బిగుసుకుపోతాయని తాత వాటిని గొంగట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మార్చిలో గుహలు చూడబోయే పరిశోధకులు కూడా ఎలుగు పిల్లల్ని చలి తగలకుండా కోట్లలో దోపుకుంటారని మా సారు చెప్పారు. కాబట్టి నేను పూర్తిగా తప్పు చూశానంటే ఒప్పుకోను.

"ఈడ ఎలుగ్గొడ్డు నెలల తరబడి నిద్రపోయేదేంది నాయనా" అన్నాడు తాత. "రాత్రంతా తిరగతానే ఉంటది. చెదలపుట్టలు తవ్వుద్ది, రేగ్గాయలు తింటది. పిల్లల్ని ఈపు మీద ఎక్కించుకోని పోద్ది." 4,999 రూపాయల్లో లేని మాడ్యూల్ అరనిమిషంలో అయిపోయింది. తర్వాత తాత నా చొక్కా వైపు చూశాడు. పొట్ట దగ్గర అంటుకున్నదాన్ని పుల్లతో గీరి, అందులో రేగు గింజలు చూపించాడు. "రాత్రిదే. మీరు పండుకున్న బండ మీదనే పోయినట్టుంది."

గుట్ట దిగడం గురించి రాయడానికేమీ లేదు. దిగినట్టు గుర్తు లేదు. భుజం అక్కడిదే.

బావమరిది నా పాఠమంతా వెనక నుంచి వీడియో తీశాడని మధ్యాహ్నం ఇంటి గ్రూపు చూశాక తెలిసింది. మా మామగారు వాయిస్ మెసేజ్ పెట్టారు: "అల్లుడుగారూ, తల్లీ పిల్లలు క్షేమమేనా?"

తాత మాత్రం ఒకటే అడిగాడు, మేకపిల్లలతో తన ఫోటో కడిగించి పంపమని. నెల్లూరులో స్టూడియోకి ఫైలు ఇచ్చాను. ఆ కుర్రాడు ఫైలు పేరు కూడా ఫోటో అడుగున అందంగా అచ్చు వేసి, లామినేషన్ చేసి, కవర్లో పెట్టి ఇచ్చాడు. నేను తెరిచి చూడకుండానే పంపించేశాను. "తల్లి ఎలుగు, పిల్లలు" అని ఉందని నిన్న బావమరిది చెప్పాడు. తాతకి చదువు రాదంట. మనవరాలు ఏడో తరగతంట.