ప్లగ్గు చూశారా మాస్టారూ

విశాఖపట్నంలో మంచినీళ్లకు కొరత రావచ్చు, పార్కింగుకు కొరత రావచ్చు. ఇంజిన్లో పెట్రోలుకు నిప్పంటించే స్పార్కు ప్లగ్గు గురించి సలహా చెప్పేవాళ్లకు మాత్రం ఏనాడూ కొరత రాలేదు. పాత బండి ఒకటి రోడ్డు పక్కన ఆగడమే ఆలస్యం, స్టాండు వేసేలోపే ఒకరు హాజరు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంజిన్ వైపు ఓసారి, మన మొహం వైపు ఓసారి చూసి, నిట్టూర్చి, ఆ మాట అనేస్తారు. "ప్లగ్గు చూశారా మాస్టారూ?"

చూశానండీ. బండి ఆగితే ఎవరైనా మొదట చూసేది దాన్నే. పిల్లాడు కనపడక ఊరంతా గాలిస్తున్న తండ్రిని ఆపి "మంచం కింద చూశారా?" అని అడగడం ఎంత ఉపకారమో, ఇదీ అంతే ఉపకారం. అయినా ఆ అడిగే మనిషి గొంతులో ఓ నిండుదనం ఉంటుంది చూడండి, ప్రపంచంలో ప్లగ్గు అనేది ఒకటుందని మనకు ఆ క్షణమే తెలిసినట్టు!

నాది 1960ల నాటి డుకాటి, ఇటలీ బండి. 250 సీసీ, ఒకటే సిలిండరు. ఓ రిటైర్డ్ ఓడ ఇంజినీరు గారి గ్యారేజీలోంచి కాగితాలతో సహా వచ్చింది. మోటారు సైకిలు నడపడం నాకు దీనితోనే మొదలు, అంతకు ముందు గేర్లు లేని స్కూటీ తప్ప ఎరగను. "నేర్చుకోడానికి ఇదే దొరికిందా?" అని బంధువులంతా అడిగారు. ఇదే దొరికింది. దీనికి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పదేళ్లు పల్సర్ నడిపినవాడు దీనిమీద కూర్చుంటే గేరు మారుద్దామని బ్రేకు తొక్కుతాడు, బ్రేకు తొక్కుదామని గేరు మారుస్తాడు. నాకు మరిచిపోవాల్సిన అలవాటంటూ లేదు కాబట్టి ఆ బాధ లేదు. పాత బుల్లెట్లకూ గేర్లు కుడివైపే ఉండేవి గనక పెద్ద మెకానిక్కులు దానికేం ఆశ్చర్యపోరు. అందరూ బోల్తా పడేది కిక్కు దగ్గర. కిక్కు రాడ్డు ఎడమ పక్కన ఉంటుంది. బండి దిగి, పక్కన నిలబడి, కుడికాలితో తన్నాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

చట్టం విషయంలో నేను చాలా నిష్ఠగా ఉంటాను. యాభై ఏళ్లు దాటిన బండ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అని ఉంటుంది, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకూ, సాంకేతిక పరిశోధనకూ, ర్యాలీకీ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే రోడ్డెక్కాలి. ఇది చదివాక నాకు ఎక్కడలేని మనశ్శాంతి కలిగింది. నా బండి రోడ్డు మీద ఉన్న ప్రతి నిమిషమూ మరమ్మతులోనో, ప్రదర్శనలోనో ఉంటుంది. సాంకేతిక పరిశోధన సంగతి ప్రజలే చూసుకుంటున్నారు, ఉచితంగా.

ఆ పరిశోధన స్థాయి తెలియాలంటే మొన్నామధ్య ఓ ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జరిగింది చెప్పాలి. బండి ఎక్కడో ఓ మూల ఆగితే బావుండేది. సరిగ్గా కురుసుర జలాంతర్గామికీ, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానానికీ మధ్యలో ఆగింది. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు నుంచి ఇసుకలో మ్యూజియంగా కూర్చుంది. విమానం 2017 చివర్లో వచ్చి చేరింది. రెండూ కదలవు. కదలడం లేదేమని వాటిని అడిగినవాడు లేడు. జనం టికెట్టు కొనుక్కుని, వరసలో నిలబడి, నోరు తెరుచుకుని చూసి వస్తారు. ఒక్కడైనా జలాంతర్గామి ముందు ఆగి "బ్యాటరీ డౌనయిందేమో చూశారా?" అన్నాడా?

మొదట వచ్చింది ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన. మెడలో తువ్వాలు, కాళ్లకు వాకింగ్ బూట్లు. ప్లగ్గు ప్రశ్న ఆయనదే. రెండో ఆయన "పెట్రోలుందా బావూ?" అన్నాడు. మూడో ఆయన అడగను కూడా అడగలేదు. "ఓరి, ఇటు రా, ఓ పట్టు పట్టు" అని తన బావమరిదిని పిలిచి, ఇద్దరూ కలిసి బండిని ఎడమవైపుకు వంచేశారు. పాత బజాజ్ స్కూటరు కథ అది, వంచితే స్టార్టవుతుందని తరతరాల నమ్మకం. గాలీ పెట్రోలూ కలిపి ఇంజినుకు అందించే ఇటలీ దేశపు డెల్లార్టో కార్బ్యురేటరుకు ఆ సంప్రదాయం తెలీదు. చక్కగా పొంగి, పెట్రోలంతా బావమరిది ప్యాంటు మీద పోసింది. "చూశారా, పెట్రోలుంది" అన్నాడు రెండో ఆయన, తన అనుమానం తీరినందుకు సంతోషపడి.

ఇంతలో ఓ కాలేజీ కుర్రాడు వంగి ట్యాంకు మీద అక్షరాలు చదివాడు. "డుకాటీయా అంకుల్! స్టిక్కరు ఎంత పడింది? జగదాంబ దగ్గర తక్కువకిస్తారు." వాడి లెక్కలో డుకాటి అంటే ఎర్రగా, అరుస్తూ, పదిలక్షల పైన ఉండాలి. వాడి పక్కనున్నవాడు ఇంకా తెలివైనవాడు. "ఇంజిన్ పీకించేసి పల్సర్ ఇంజిన్ ఎక్కించెయ్యండి, బాడీకి మంచి లుక్ ఉంది" అన్నాడు. మైలేజ్ ఎంతిస్తుందని ముగ్గురు అడిగారు. ఆగిపోయిన బండిని మైలేజ్ అడగడంలోని ధైర్యానికి నేను ముగ్ధుణ్ణయ్యాను.

ఇక అసలు ఘట్టం. గుంపును చీల్చుకుంటూ ఓ కండల వీరుడొచ్చాడు. "తప్పుకోండి గురూ, దీనికి దెబ్బ పడాల" అని సీటెక్కి, కుడికాలు పైకెత్తి, తన బరువంతా వేసి ఒక్క తొక్కు తొక్కాడు. చెప్పానుగా, కుడివైపున ఉండేది గేరు. బండి ఠక్కుమని గేర్లో పడింది. మళ్లీ తొక్కాడు, ఇంకో గేరు. "కిక్కు బలే స్మూతుగా ఉంది, కంప్రెషన్ లేదు" అని తేల్చేశాడు, అంటే సిలిండర్లో గాలి నొక్కుకోవడం లేదని. గుంపంతా "అయ్యో, కంప్రెషన్ లేదంట" అని చెవులు కొరుక్కుంది. ఆ వార్త ముంత మసాలా బండి దాకా వెళ్లి "ఇంజిన్ పేలిపోయిందంట" అయి తిరిగొచ్చింది. అప్పటికి మ్యూజియం టికెట్టు వరస నుంచి టూరిస్టులు కూడా వచ్చి చేరారు. ఓ తండ్రి తన కూతురికి, ఇది 71 యుద్ధంలో సైనికులు వాడిన బండి అని వివరించి చెబుతున్నాడు. ఆవిడెవరో నన్నే అడిగారు, "దీనికి టికెట్టు వేరేనా, అదే సరిపోతుందా?" అని. ప్రదర్శనే కదా, చట్టం ఒప్పుకున్నదే.

నేను పక్కకెళ్లి మా మెకానిక్కు గారికి ఫోన్ చేశాను. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "బీచ్ రోడ్డేనా?" అవునన్నాను. "ఉప్పు గాలి బాబూ. పాయింట్లకు పొర పట్టుంటాది. ఓ కార్డు ముక్క పెట్రోల్లో ముంచి మధ్యలోంచి లాగండి." ఇగ్నిషన్ పాయింట్లంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే రెండు చిన్న లోహపు ముక్కలు, వాటి మధ్య ఖాళీ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. అందులో దూరేంత పల్చటి అట్ట కావాలి. ప్లగ్గు పెద్దాయన అంతకు ముందే నా చేతిలో తన విజిటింగ్ కార్డు పెట్టారు, రిటైరయ్యాక రియల్ ఎస్టేటట, మధురవాడలో ప్లాట్లట. ఆ కార్డు చింపి, తడిపి, మూత విప్పి, పాయింట్ల మధ్య లాగితే నల్లటి గీత పడి వచ్చింది. ఎడమ పక్కకెళ్లి తన్నాను. బండి అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన చుట్టూ చూసి, గుంపుకంతా వినపడేలా అన్నారు. "చెప్పానా? ప్లగ్గే."

నిజానికి ఆ పాయింట్ల పక్కనుండే కండెన్సరు మీద, అదే కరెంటును కాసేపు దాచుకునే బుల్లి భాగం మీద, నాకు ప్రత్యేక గౌరవం. డుకాటి సోదరుల కంపెనీ 1926లో బొలోన్యాలో పుట్టింది మోటారు సైకిళ్లకు కాదు, రేడియోల్లో వాడే కండెన్సర్లకు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీ బాంబులకు కూలిపోయాక, సైకిలుకు తగిలించే 48 సీసీ బుల్లి ఇంజినుతో బండ్ల దారి పట్టారు. 1954లో ఫాబియో టాలియోని అనే ఇంజినీరు చేరి, ఇంజిన్ అడుగున తిరిగే క్రాంకు దగ్గర్నుంచి పైనున్న హెడ్డు దాకా నిలువు షాఫ్టు, దాని కొసల్లో ఏటవాలు పళ్ల బెవెల్ గేర్లు పెట్టి ఇంజిన్లు గీశాడు. నాది ఆ వంశంలోదే. ఆ గేర్ల మధ్య సందు సరిచేయడానికి పల్చటి వాషర్లు వేస్తారు, షిమ్ములంటారు. అందం అక్కడుంది, నరకమూ అక్కడే ఉంది.

ఆ షిమ్ములు మా ఊళ్లో ఎక్కడా దొరకవు. మా మెకానిక్కు గారు వన్‌టౌన్ సందులో, నేల మీద గోనెపట్టా వేసుకుని, అద్దం ముక్క మీద ఎమరీ పేపరు పరిచి, దాని మీద షిమ్మును మూడు వేళ్లతో రుద్దుతారు. కాస్త రుద్ది, పెట్టి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఎక్కువ బిగిస్తే గేరు ఏడుస్తుంది, వదులైతే గలగలమంటుంది. ఓ మధ్యాహ్నమంతా ఇదే పని. దీనికి ఆయన అడిగే కూలి వింటే మీకు సిగ్గేస్తుంది. సిగ్గు లేనివాళ్లు బేరమాడతారు.

ఆడతారండీ. పాత బండికి నాలుగు లక్షలు పోసి కొన్న మహానుభావుడు, దిగుమతి సీటు కవరుకు మాట్లాడకుండా వేలు కట్టినవాడు, ఈయన దగ్గర మూడు వందలు తగ్గించమని అరగంట నిలబడటం నేను కళ్లారా చూశాను. ఆ బండినే ఓ రోజు వీడియో తీశారు. "ప్రతి నట్టూ నా చేత్తో విప్పాను, నేనే రీస్టోర్ చేశాను" అని కెమెరాకు చెబుతున్నాడు. వెనకాల నూనె గుడ్డతో నిలబడ్డ మా మెకానిక్కు గారిని ఫ్రేములోకొస్తున్నాడని పక్కకు జరగమన్నారు. ఆయన షెడ్డులోనే! ఆయన జరిగారు కూడా, నవ్వుతూ. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది. స్పానరు పదా పన్నెండా తెలియని చేతులు అవి. పాత ఇనుము మీద ప్రేమట, వారసత్వమట! ఆ ఇనుముకు ప్రాణం పోసే మనిషికి ముప్పై ఏళ్లలో ఒక్కడు కూడా పూర్తి కూలి ఇవ్వలేదు. కొడుకు ఈ పని నేర్చుకోనన్నాడు, బండి మీద పార్సిళ్లు మోస్తున్నాడు. ఎందుకు నేర్చుకోవాలి? ఏం చూసి నేర్చుకోవాలి? పేరు మీది, ఫొటో మీది, ఆయనకు మిగిలింది గోళ్లలో గ్రీజు.

సరే. ప్రజలకు సలహా చెప్పే హక్కు కాదనడం నావల్ల కాదు, కాబట్టి దానికి రుసుము పెట్టాను. ట్యాంకు పక్కన బోర్డు కట్టాను. ప్లగ్గు చూశారా అంటే రూ.10, మైలేజ్ అడిగితే రూ.20, వంచితే రూ.50, పల్సర్ ఇంజిన్ పెట్టించమంటే రూ.100, తుక్కుకివ్వమంటే రూ.500. డబ్బులన్నీ హార్లిక్స్ సీసాలో, సీసా మెకానిక్కు గారి షెడ్డులో. నిన్న ఒకాయన బోర్డు మొత్తం ఓపిగ్గా చదివి, పది రూపాయల నోటు తీసి, "ప్లగ్గు, మైలేజ్ రెండూ కలిపి పదిహేనుకు వేసుకోండి మాస్టారూ" అన్నాడు.