నా ఫోనులోకి ఎందుకు తొంగిచూస్తారు?

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే బస్సు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఫోనులో సినిమా. ఇద్దరు అమ్మాయిలు ప్రేమించుకుంటారు. ఇంట్లో తెలిసి, ఒకరికి హడావిడిగా పెళ్లి కుదురుస్తారు. విడిపోయే ముందు ఒకరి చేయి ఒకరు వదల్లేక నిలబడిన చోట నాకు ఏడుపు ఆగలేదు. సరిగ్గా అప్పుడే పక్కాయన భుజం తట్టి, "ఇలాంటివి చూస్తారా అమ్మా?" అన్నాడు. వెనక సీటులో నవ్వు.

ఇలాంటివి అంటే ఏమిటి? వద్దన్న అమ్మాయి వెంటపడే హీరోని పండుగ పూట ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటం లేదా? అప్పుడు ఎవరి భుజమూ ఎవరూ తట్టరే!

1998లో, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమను చూపిన 'ఫైర్' సినిమా ఆడుతున్న థియేటర్ల మీద ముంబయిలో, ఢిల్లీలో దాడులు చేశారు. ఇష్టపూర్వకమైన స్వలింగ ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది. తన ప్రేమను ఎవరికీ చెప్పుకోలేని పిల్ల ఒకతి అదే బస్సులో ఉండి ఆ నవ్వు వింటే? ఇంకెప్పుడు నోరు తెరుస్తుంది?

కొండమల్లేపల్లి వచ్చేదాకా నేను మళ్లీ ఫోను తీయలేదు. తీయాల్సింది. నా కోపమంతా అదే.